సొంతూళ్లో ఉండి ఉద్యోగం చేయాలంటే ఇంట్లో ఆఫీసు గది అమర్చుకోవడం ఎలా

ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీ చెప్పింది, మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రూము ఖాళీ చేసి సొంతూరికి వచ్చేశారు, లేదా వచ్చే ఆలోచనలో ఉన్నారు అనుకుందాం. చాలామంది రాగానే చేసే పని ఆన్‌లైన్‌లో పెద్ద మానిటర్‌కి ఆర్డర్ పెట్టడం. నిజానికి అది ఆఖరున కొనాల్సిన వస్తువు. ఊళ్లో ఉద్యోగం నిలబడేది మూడింటి మీద: కరెంటు, నెట్, మీ నడుము. ఈ మూడూ కుదిరితే పాత లాప్‌టాప్‌తో అయినా నెట్టుకురావచ్చు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా లక్ష రూపాయలు పోసి గది తయారు చేసుకుని కూడా ప్రతి మీటింగుకీ టెన్షన్ పడాల్సిందే. అందుకే కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి, డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు పెట్టండి.

అన్నిటికంటే ముందు హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. కుర్చీ, మానిటర్, హెడ్‌సెట్, నెట్ బిల్లు, వీటిలో కంపెనీ ఏవి ఇస్తుంది, ఏవి మనం కొనుక్కుని బిల్లు పెట్టుకోవచ్చు అని అడగండి. అడిగితే ఇచ్చే కంపెనీలు చాలానే ఉన్నాయి, వాళ్లంతట వాళ్లు పిలిచి ఇచ్చేవి తక్కువ. సమాధానం మెయిల్‌లోనే ఉండేలా చూసుకోండి, రేపు మేనేజర్ మారినా ఇబ్బంది ఉండదు.

ముందుగా గది

ఇంట్లో ఏ గది ఖాళీగా ఉందని కాదు, మీరు పని చేసే వేళల్లో ఏ గది ప్రశాంతంగా ఉంటుందని చూడండి. అమెరికా క్లయింట్‌తో పని అయితే ఇది మరీ ముఖ్యం. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే వాళ్ల ఎండాకాలంలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబర్ మొదటి ఆదివారం ఒకసారి వాళ్లు గడియారం మారుస్తారు కాబట్టి మన షిఫ్టు కూడా గంట అటూ ఇటూ జరుగుతుంది. ఆ ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మన ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుసు కదా. కుక్కర్ కూతలు, హాల్లో సీరియల్, పిల్లల హోంవర్కు, పక్కింటివాళ్లు వచ్చి కూర్చోవడం. కాబట్టి హాల్లో ఓ మూల టేబుల్ వేసుకునే ఆలోచన మానుకోండి. వంటింటి గోడకు ఆనుకున్న గది కూడా వద్దు. చిన్నదైనా సరే, తలుపు వేసుకోగలిగిన గది కావాలి.

మేడ మీద గది ఉంటే ప్రశాంతంగానే ఉంటుంది గానీ ఏప్రిల్, మే నెలల్లో దాని సంగతి వేరు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. లాప్‌టాప్‌లు మామూలుగా 35 డిగ్రీల దాకా ఉండే గదిలో వాడుకోవడానికి తయారు చేసినవి. అంతకు మించితే ఫ్యాను హోరుమంటుంది, మెషీన్ నెమ్మదిస్తుంది, బ్యాటరీ త్వరగా పాడవుతుంది. మేడ గదే మీ గది అయితే ఎండలు ముదిరేలోపు స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, అది కుదరకపోతే సున్నమైనా కొట్టించండి. ఈ పద్ధతిని ప్రోత్సహించడానికే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కూలర్ విషయంలో మీ ఊరు ఎక్కడుందో చూసుకోండి. తెలంగాణలో, రాయలసీమలో ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలోనే తేమ ఉంటుంది, అక్కడ కూలర్ పెడితే చల్లదనం రాదు సరికదా జిడ్డుగా చెమట పడుతుంది. అక్కడ అయితే ఎదురెదురు కిటికీలున్న గది చూసుకోవాలి, లేదంటే ఏసీ.

టేబుల్ ఎక్కడ వేయాలన్నది కిటికీని బట్టి ఉంటుంది. కిటికీ మీ పక్కన ఉండాలి. వెనక ఉంటే వీడియో కాల్‌లో మీ మొహం నల్లగా కనబడుతుంది, స్క్రీన్ మీద వెలుగు పడి అక్షరాలు కనబడవు. ఎదురుగా ఉంటే రోజంతా కళ్లు చికిలించుకుని పని చేయాలి. పడమటి కిటికీ అయితే మధ్యాహ్నం నుంచి మందపాటి కర్టెన్ తప్పదు. పైన ట్యూబ్‌లైటు ఎక్కడుందో కూడా ఒకసారి చూడండి. లైటుకీ టేబుల్‌కీ మధ్యలో సీలింగ్ ఫ్యాన్ రెక్కలు తిరుగుతుంటే వాటి నీడ మీ పుస్తకం మీద, కీబోర్డు మీద గబగబా కదులుతూ ఉంటుంది. మొదటి గంట పట్టించుకోరు, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, ఎందుకొచ్చిందో అర్థం కాదు. టేబుల్‌ని రెండడుగులు జరిపితే సరిపోతుంది, లేదంటే ఆ లైటు ఆపేసి గోడ వైపు తిప్పిన టేబుల్ ల్యాంపు పెట్టుకోండి.

కరెంటు

గదికి వచ్చే కరెంటులో మొదట చూడాల్సింది ఎర్తింగ్. లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని మెటల్ బాడీ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందా? మూడు పిన్నుల చార్జర్‌తో కూడా అలా అనిపిస్తే ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదని అనుమానించాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ పైనున్న పెద్ద రంధ్రానికి వెనక వైరే ఉండదు. కొన్నిచోట్ల వైరు ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టెస్ట్ ల్యాంపుతో చూపించుకోండి, ఎండాకాలంలో అప్పుడప్పుడూ ఆ గుంతలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండండి. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో దూర్చి వాడే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి, దానితో ఎర్తింగ్ తెగిపోతుంది.

తర్వాత ఇన్వర్టర్. ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉంటే మంచిదే, కాకపోతే అది మీ గది సాకెట్‌కి పనిచేస్తోందో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైన్ మీద లైట్లు, ఫ్యాన్లు మాత్రమే ఇస్తారు, ప్లగ్గులకు ఇవ్వరు. కొత్తగా కొనేవాళ్లు లెక్క ఇలా వేసుకోండి. లాప్‌టాప్ సుమారు 50 వాట్లు, మానిటర్ ఉంటే 25, నెట్ పెట్టె (రౌటర్) 12, ట్యూబ్‌లైటు 20, మామూలు సీలింగ్ ఫ్యాన్ 75. అన్నీ కలిపితే 180 దాటుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి కానీ అందులో మనకు అందేది సగానికి కాస్త పైన, అంటే కొత్త బ్యాటరీ మీద ఈ గది ఒక్కటే నడిస్తే అయిదు గంటల పైన లాగుతుంది. మిగతా ఇల్లంతా దాని మీదే ఉంటే ఆ లెక్క మారిపోతుంది. గదిలో ఫ్యాన్ ఒక్కటి తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్‌గా మారిస్తే 75 వాట్ల చోట 30 దగ్గర సరిపోతుంది, బ్యాటరీ గంటకు పైగా ఎక్కువ వస్తుంది. నా లెక్కలో పెద్ద బ్యాటరీకి డబ్బు పెట్టడం కంటే ఇది మేలు.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (ఇంటికొచ్చే కరెంటు లాంటిదే ఇచ్చే) రకం తీసుకోండి, బ్యాటరీ ట్యూబులర్ రకం అడిగి తీసుకోండి. చాలా ఇన్వర్టర్లకు వెనక వైపు ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క యూపీఎస్ అనీ ఇంకో పక్క ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోగానే కనురెప్ప పాటులో బ్యాటరీకి మారిపోతుంది, డెస్క్‌టాప్ కూడా ఆగదు. కానీ అలా పెట్టినప్పుడు వోల్టేజీ 180 కంటే తగ్గగానే కరెంటు ఉన్నా సరే బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. సాయంత్రం పూట లో వోల్టేజీ ఉండే ఊళ్లలో దీనివల్ల బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతుంది, రాత్రి నిజంగా కరెంటు పోయినప్పుడు చేతికి రాదు. మీది లాప్‌టాప్ అయితే దానికి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి నార్మల్ మీదే ఉంచండి. రౌటర్ సంగతి కింద చెబుతాను.

ఇంకొకటి, ఇన్వర్టర్ లైన్ మీద మిక్సీ, ఇస్త్రీ పెట్టె పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. మీరు డెమో ఇస్తుండగా ఓవర్‌లోడ్ అయి ఆగిపోతే తప్పు వాళ్లది కాదు, వాళ్లకు ఆ సాకెట్ సంగతి తెలియదు. సాకెట్ మీద చిన్న స్టిక్కర్ అంటించేస్తే సరి.

నెట్

ప్లాన్ ఎన్ని ఎంబీపీఎస్ అన్నది అందరూ అడుగుతారు. మీరు అడగాల్సింది వేరే: మా వీధిలో కరెంటు పోతే నెట్ ఉంటుందా? కొన్ని ఫైబర్ కనెక్షన్లలో నెట్ కంపెనీ ఆఫీసు నుంచి మీ ఇంటి దాకా మధ్యలో కరెంటు అవసరమే ఉండదు, ఆ ఆఫీసులో బ్యాకప్ ఉంటే చాలు. కొందరు లోకల్ ఆపరేటర్లు మాత్రం వీధి స్తంభం మీద పెట్టెలో నెట్‌ని పంచే స్విచ్ అనే పరికరం పెట్టి అక్కడి నుంచి ఇళ్లకు కేబుల్ లాగుతారు. ఆ పెట్టెకి కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా లాభం లేదు. ఆపరేటర్‌ని అడిగితే ఉంటుంది సార్ అనే అంటాడు. అదే కనెక్షన్ వాడుతున్న పక్కింటివాళ్లను అడగండి, నిజం తెలుస్తుంది. బీఎస్ఎన్ఎల్ అయినా, ఏపీ ఫైబర్‌నెట్ అయినా, జియో, ఎయిర్‌టెల్ అయినా, పేరు కంటే మీ వీధిలో ఎలా ఉందన్నదే ముఖ్యం. వైర్లు తెగితే ఎన్ని గంటల్లో వస్తారన్నది కూడా అడగండి, ముఖ్యంగా కోతులున్న ఊళ్లలో.

స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు డౌన్‌లోడ్ చూసి సంతోషపడకండి, అప్‌లోడ్ చూడండి. అవతలివాళ్లకు మీ మొహం, మీ గొంతు వెళ్లేది దాని మీదే. వీడియో కాల్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా వస్తే చాలు. ఆ టెస్టు పొద్దున్న ఆరింటికి కాదు, రాత్రి ఎనిమిదింటికి చేయండి. ఊరంతా ఫోన్లలో వీడియోలు చూసే వేళ అది.

గోడలు మందంగా ఉన్న ఇళ్లలో వైఫై రెండు గదులు దాటేసరికి నీరసపడుతుంది. రిపీటర్లు అవీ కొనే ముందు రౌటర్ నుంచి మీ టేబుల్ దాకా ఒక క్యాట్ సిక్స్ రకం నెట్ కేబుల్ లాగించండి. వంద మీటర్ల దాకా ఏ ఇబ్బందీ ఉండదు, ఒకసారి వేస్తే పదేళ్లు పట్టించుకోనక్కర్లేదు. మీ లాప్‌టాప్‌కి ఆ కేబుల్ గుచ్చే ల్యాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. ఫైబర్ వైరుని మాత్రం తలుపు సందులోంచి నలిగేలా లాగనివ్వకండి, మూలల దగ్గర మడత పడకుండా గుండ్రంగా తిప్పించండి, లోపలుండేది గాజు.

ఇప్పుడు రౌటర్. ఇన్వర్టర్ బ్యాటరీకి మారే ఆ క్షణంలో లాప్‌టాప్‌కి ఏమీ కాదు కానీ నెట్ పెట్టె ఒక్కోసారి ఆగి మళ్లీ మొదలవుతుంది, అది లేచి నెట్ అందుకునేసరికి రెండు మూడు నిమిషాలు. కాల్ కట్ అయ్యేది అక్కడే. దీనికి మినీ యూపీఎస్ అని పుస్తకమంత పెట్టె వస్తుంది, వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ. కొనే ముందు మీ నెట్ పెట్టె అడాప్టర్‌ని తీసి వెనక చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ ఎంతుందో చదవండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో 1.5 అనో 2 అనో ఉంటుంది. వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి, ఆంపియర్లు మినీ యూపీఎస్‌వి దానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 9 వోల్టుల పెట్టెకి 12 పెడితే కాలిపోవచ్చు. ఫైబర్ పెట్టె ఒకటి, వైఫై రౌటర్ ఒకటి విడివిడిగా ఉంటే రెండింటికీ కరెంటు కావాలి, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

నెట్ ఆగినప్పుడు కంగారు పడి అన్నీ పీకి పెట్టకండి, ముందు ఫైబర్ పెట్టె మీద లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు మెరుస్తుంటే బయట వైరు తెగినట్టో అటు వైపు సమస్యో, మీరు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా రాదు. వెంటనే ఫోన్ నెట్‌కి మారండి. దానికోసం ఇంటి కనెక్షన్ ఏ కంపెనీదో ఆ కంపెనీది కాని సిమ్ ఒకటి దగ్గర పెట్టుకోండి, దాని సిగ్నల్ ఎలా ఉందో మీ గదిలోనే, తలుపు వేసి చూడండి. హాట్‌స్పాట్ కంటే ఫోన్‌ని లాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి నెట్ తీసుకునే యూఎస్‌బీ టెథరింగ్ వాడండి, నిలకడగా ఉంటుంది. ఆ పనిలోనే రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ కూడా మార్చేయండి, కంపెనీ పని ఆ లైను మీదే నడుస్తోంది.

ఉరుములు మొదలైతే ప్లగ్గులు పీకేయండి, లాప్‌టాప్ బ్యాటరీ మీద, నెట్ మినీ యూపీఎస్ మీద నడుస్తాయి. స్పైక్ గార్డ్ ఉందిలే అని ధైర్యం చేయకండి.

కుర్చీ, టేబుల్

ఇక్కడ పొదుపు చేయకండి. ప్లాస్టిక్ కుర్చీలో దిండు పెట్టుకుని పని మొదలుపెట్టినవాళ్లు కొన్ని నెలలకు ఫిజియోథెరపీకి ఖర్చు పెట్టడం చుట్టూ చూస్తూనే ఉన్నాం. నడుము నొప్పి ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు, ముప్ఫై ఏళ్లకే పిల్లల్ని ఎత్తుకోలేని పరిస్థితి ఎవరికీ రాకూడదు. మంచం మీద దిళ్లకు ఆనుకుని, కింద బాసింపట్టు వేసుకుని పీట మీద లాప్‌టాప్ పెట్టుకుని గంట సేపు పని చేస్తే ఫర్వాలేదు, ఎనిమిది గంటలు కాదు.

ముందు కొలత తీసుకోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుని, భుజాలు వదులుగా వదిలేసి, మోచేతులు మడిచి పెట్టండి. ఇంకొకరిని పిలిచి నేల నుంచి మోచేయి దాకా టేపుతో కొలవమనండి. కీబోర్డు ఉండాల్సిన ఎత్తు అది. అయిదడుగుల మూడంగుళాల మనిషికి అది సుమారు 25 అంగుళాలు వస్తుంది. మన డైనింగ్ టేబుళ్లేమో 29, 30 అంగుళాలు ఉంటాయి. ఆ నాలుగైదు అంగుళాల తేడాకే భుజాలు రోజంతా పైకి లేచి ఉంటాయి, మెడ పట్టేస్తుంది.

ఉన్న టేబుల్‌తోనే సర్దుకోవాలంటే కుర్చీని పైకి లేపి కాళ్ల కింద పీట పెట్టుకోండి, వంటింట్లో కూర్చునే పీట చాలు. కొత్తది చేయించుకుంటే వడ్రంగికి ఎత్తు మీరే చెప్పండి, చెప్పకపోతే అలవాటుగా 30 అంగుళాలు చేసేస్తాడు. ముందు నుంచి వెనక్కి వెడల్పు కనీసం రెండడుగులు, మానిటర్ పెడితే రెండున్నర. పలక కింద సొరుగు పెడతానంటాడు, వద్దనండి, తొడలకు తగులుతుంది. సొరుగు కావాలంటే పక్కకు పెట్టించుకోండి. వైర్లు వెళ్లడానికి వెనక మూల ఒక రంధ్రం చేయించండి.

కుర్చీకి కొత్తది అయితే ఎనిమిది, పది వేల దగ్గర మంచివి మొదలవుతాయి. అంత పెట్టలేకపోతే నేను పాత ఆఫీసు కుర్చీలే చూడమంటాను. హైదరాబాద్‌లో కంపెనీలు ఖాళీ చేసినప్పుడు అమ్మేసిన కుర్చీలను తెచ్చి అమ్మే షాపులున్నాయి, విజయవాడ, విశాఖల్లోనూ దొరుకుతాయి. సగం కంటే తక్కువ ధరకే గట్టి సరుకు వస్తుంది. కొనేటప్పుడు కనీసం పావుగంట కూర్చోండి, షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. ఎత్తు పెంచి కూర్చుంటే మెల్లగా కిందకి దిగుతోందంటే గ్యాస్ సిలిండర్ పోయిందని అర్థం. వెనక్కి వాలి చూడండి, నడుము వంపు దగ్గర వీపుకి ఆనుతుందా? సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య మూడు వేళ్లు పట్టాలి. చేతులు పెట్టుకునేవి కిందకీ పైకీ జరగాలి, లేకపోతే అవి టేబుల్‌కి తగిలి కుర్చీ లోపలికి వెళ్లదు. మన వాతావరణానికి రెగ్జిన్ కంటే వీపు వైపు జాలీ ఉన్నది మేలు, ఏసీ లేని గదిలో తేడా బాగా తెలుస్తుంది.

లాప్‌టాప్ ఒక్కదానితో మాత్రం ఎంత మంచి కుర్చీ ఉన్నా మెడ వంగుతుంది. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకి, చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. స్టాండు లేకపోతే నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టండి, విడిగా కీబోర్డు, మౌస్ కొనండి. ఇవి వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లే పని ఉంటే కీబోర్డు చేత్తో నొక్కి చూసి తీసుకోవచ్చు, మానిటర్ కూడా వెలిగించి చూపిస్తారు. మానిటర్ తీసుకుంటే ఎత్తు సర్దుకునే స్టాండు ఉన్నది చూడండి, 24 అంగుళాలు చాలామందికి సరిపోతుంది.

శబ్దం

హెడ్‌సెట్‌కి మైకు నోటి దగ్గరికి వచ్చేది, వైరుతో ఉన్నది తీసుకోండి. మైకు నోటికి ఎంత దగ్గరగా ఉంటే వీధిలో కూరగాయల బండి కేక, గుడి మైకు అంత తక్కువగా అవతలికి వెళ్తాయి. ఖరీదైన బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాటలకు బాగుంటాయి గానీ ఫ్యాన్ కింద కూర్చుని మాట్లాడితే గాలి హోరు కూడా పట్టేస్తాయి. టైల్స్ వేసిన ఖాళీ గదిలో గొంతు మోగుతుంది. దానికి గోడలకు ఫోమ్ అంటించనక్కర్లేదు, మందపాటి కర్టెన్, కింద ఒక జంపఖానా, పక్కన బట్టల స్టాండు ఉంటే చాలు.

ఇంట్లోవాళ్లకు మీ పని కనబడదు, మీరు ఇంట్లో ఉండటమే కనబడుతుంది. నాన్నా, సిలిండర్ వచ్చింది ఒకసారి చూడు అని అమ్మ తలుపు తీస్తే ఆవిడ మీద విసుక్కోకండి. మీటింగులు ఏ టైములో ఉంటాయో పొద్దున్నే చెప్పండి, తలుపు గడియ పెట్టి ఉంటే మాట్లాడుతున్నట్టు, దగ్గరగా వేసి ఉంటే రావచ్చు అని ఒక పద్ధతి పెట్టుకోండి. రాత్రి షిఫ్టు అయితే పగటి నిద్రకు ఈ గది కాక వేరే గది ఉండాలి, దానికి వెలుతురు రాని కర్టెన్ కూడా కావాలి.

చివరగా ఒక పూట పరీక్ష

అన్నీ అమర్చాక సెలవు రోజు సాయంత్రం, ఎలక్ట్రీషియన్ అందుబాటులో ఉన్న రోజు, స్నేహితుడితో వీడియో కాల్ పెట్టుకుని మెయిన్ స్విచ్ ఆపేయండి. కాల్ ఆగిందా? ఆగితే నెట్ పెట్టెకి మినీ యూపీఎస్ సరిగ్గా తగల్లేదు. ఏ లైటు ఆరిపోయింది, ఏ ప్లగ్గు పనిచేయట్లేదు చూసి రాసుకోండి, ఇన్వర్టర్ లైన్‌కి మార్పించాల్సినవి అవే. అలాగే రెండు గంటలు నడవనిచ్చి బ్యాటరీ ఎంత మిగిలిందో చూడండి. తర్వాత ఇంటి నెట్ తీసేసి ఫోన్ మీదకి మారడానికి ఎంతసేపు పడుతోందో కూడా చూడండి, రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఆ రోజే ఇన్వర్టర్ బ్యాటరీ మీద తేదీ రాసి, మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసేలా ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. బోరు నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకండి.